ఆకాశనావకు ఎడమచేతి కుట్టు

మయూరపురం కోటకు పడమటి వైపున గాలిరేవు అనే మైదానం ఉంది. పడవలకు నీటిరేవు ఎలాగో, ఆకాశంలో తిరిగే నావకు అది అలాగ. ఆనాడు సూర్యుడు తాటిచెట్టెత్తు లేవకముందే మైదానమంతా జనంతో నిండిపోయింది. బండ్లు విప్పి ఎడ్లకు గడ్డి వేసేవాళ్ళు వేస్తున్నారు, పిల్లల ముందు చద్దిమూటలు విప్పేవాళ్ళు విప్పుతున్నారు. ఎవరు ఏ పని చేస్తున్నా మెడలు మాత్రం ఒక్క వైపుకే తిరిగి ఉన్నాయి.

ఎందుకు తిరగవు మరి. నలభై బారల పొడవున, పెళ్ళిపందిరంత వెడల్పున, లేత పసుపు పట్టు తొడిగిన సొరకాయ ఒకటి నేలకు రెండు నిలువుల ఎత్తున తేలుతోంది. కింద ఆనడానికి స్తంభం లేదు, పైన వేలాడదీయడానికి కొక్కెం లేదు. ముక్కు దగ్గర నెమలి తల, తోక దగ్గర వెదురుచట్రానికి బిగించిన చుక్కాని రెక్కలు, కడుపు కింద నల్లటి చెక్కపడవ. ఎండ పడినచోట పట్టు తేనెలా మెరుస్తోంది, నీడ పడినచోట చింతపండు రంగు తిరుగుతోంది. గాలి వీచినప్పుడల్లా ఆ మహాకాయం, పొదుగు బరువెక్కిన ఆవు పాక ముందు కదిలినట్టు, అటొక అడుగూ ఇటొక అడుగూ మెల్లగా కదిలేది. ముప్పై తాళ్ళు దాన్ని నేలకు కట్టి ఉంచాయి.

రాజుగారు దానికి పెట్టిన పేరు వ్యోమహంస. జనం పెట్టిన పేరు గాలిసొర. రాజుగారి పేరు శాసనంలో ఉండిపోయింది. జనం పేరు ఊళ్ళు తిరిగింది.

దాని కడుపులో ఉన్నది తేలిక ఆవిరి. కొండబిలంలో పుట్టే ఆ ఆవిరిని వెదురుగొట్టాల్లో పట్టి తెచ్చి నింపారు. పట్టులో బంధిస్తే ఏనుగునైనా పైకి లేపుతుంది, మనిషి పీలిస్తే మాత్రం రెండో ఊపిరి ఉండదు. ఈ ఆవిరినీ ఈ నావనూ రాజుగారికి సమకూర్చి పెట్టింది ఎవరో పరదేశి యోగి అని చెప్పుకునేవారు. ఆ యోగిని చూసినవాళ్ళు తక్కువ.

ఆరోజు మధ్యాహ్నపు నగారా మోగగానే గాలిసొర సముద్రం అవతలి శ్వేతద్వీపానికి బయలుదేరుతుంది. మళ్ళీ వచ్చేది పన్నెండేళ్ళకు. అందుకే దగ్గరగా చూడాలనుకున్న కుటుంబాలన్నీ రావచ్చని దండోరా వేయించారు. ఒక్కో కుటుంబం వంతుల వారీగా వెళ్ళాలి. ఆడవాళ్ళూ పిల్లలూ నిచ్చెనెక్కి పడవలో నిలబడి సొరకాయ కడుపును చేత్తో తాకి రావచ్చు. అంతసేపూ ఆ ఇంటి మగవాడు కింద ఒక తాడు పట్టుకుని ఉండాలి. తాడు పట్టిన ఇంట్లో పిల్లలకు ఎత్తంటే భయం ఉండదని ఎవరో అన్నారు. వారం తిరక్కుండా అది ఆచారమై కూర్చుంది.

ఆ జనంలో అల్లికపాడు నుంచి వచ్చిన నేతవాళ్ళ కుటుంబం ఒకటి ఉంది. డెబ్బై ఏళ్ళ సూరవ్వ, ఆమె కొడుకు ఓబన్న, కోడలు పేరిందేవి, పద్దెనిమిదేళ్ళ మనవరాలు చెంగల్వ. అందరిలాగే చద్దిమూటతో, నువ్వుండల డబ్బాతో వచ్చారు కానీ, వాళ్ళు అందరిలా వేడుక చూడడానికి రాలేదు.

గాలిసొరకు తొడిగిన పట్టులో పదో వంతు వాళ్ళ మగ్గం మీద నేసిందే. ఐదు నెలల కిందట ఆఖరి తానును బండిలో వేసుకుని చెంగల్వ అన్న మాచన మయూరపురం వచ్చాడు. తాను చేరింది. మాచన తిరిగి ఇంటికి చేరలేదు. కోటలో అడిగితే, అప్పగించి వెళ్ళిపోయాడన్నారు. రేవుల్లో అడిగారు, సత్రాల్లో అడిగారు, సంతల్లో అడిగారు. ఇరవై ఏళ్ళ మనిషి, ఆరడుగుల మనిషి, నీళ్ళలో ఉప్పులా మాయమయ్యాడు. ఇప్పుడు ఆ తాను కూడా సముద్రం దాటిపోతే మాచన చేతులు ఆఖరుసారి తాకిన వస్తువు కూడా ఉండదు.

"దాన్ని ఒక్కసారి చేత్తో తడిమి చూస్తాను. గుడ్డ నాతో అబద్ధమాడదు," అంది సూరవ్వ. అందుకని వచ్చారు.

ద్వారం దగ్గర కావలివాడు ఆపాడు. లోపలికి ఇనుము వెళ్ళకూడదు. రవ్వ లేచినా, మొన తగిలినా సొరకాయకు ప్రమాదం. ఓబన్న మొలకత్తి ఇచ్చాడు. పేరిందేవి తాళంచెవుల గుత్తి ఇచ్చింది. సూరవ్వ ఒడి విప్పి అడకత్తెర తీసింది, గోళ్ళు తీసే చిన్న కత్తి తీసింది, రెండు సూదులు తీసింది, ఒక మేకు తీసింది.

"మేకెందుకవ్వా?" అన్నాడు కావలివాడు.

"ఏమో నాయనా, ఎప్పటి నుంచో ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నా."

"ఇంకేమైనా ఉందా?"

"నోట్లో మూడు పళ్ళున్నాయి. అవి కూడా పీకిమ్మంటావా?"

కావలివాడు నవ్వి దారి ఇచ్చాడు. సూరవ్వ కొప్పులో ఎముక సూది ఒకటి ఉంది. అది ఇనుము కాదు గనక ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

లోపల వాళ్ళకు ఎదురొచ్చింది తాళ్ళపెద్ద. పేరు సుబుద్ధి అని తానే చెప్పుకున్నాడు. బొడ్డు దాకా తెల్లటి గడ్డం, దవడలో ఎప్పుడూ తాంబూలం, ఆవగింజంత కూడా విసుగులేని మాట. పెదవులు పెద్దగా విప్పకుండానే ముద్దముద్దగా మాట్లాడేవాడు. నేతవాళ్ళని తెలియగానే చేతులు జోడించాడు.

"మీ చేతి పనే ఇది. అయితే మీకు మామూలు తాడు ఇస్తే తప్పు. తల్లితాడు ఇస్తాను రండి."

మిగిలిన తాళ్ళకంటే అది మూడింతలు లావు. నేలలో పాతిన మద్దిగుంజకు రెండు చుట్లు చుట్టి ఉంది. ఆ కొసను సుబుద్ధి ఓబన్న చేతిలో పెట్టాడు.

"ఇది ఒక్కటి ఉంటే చాలు, సొరకాయ నిలబడుతుంది. ఇది వదిలితే మిగతావన్నీ వాటంతటవే జారిపోయేలా ముడులు వేశాం. నగారా మోగేటప్పటికి నేనొచ్చి తీసుకుంటాను. అంతవరకూ నీదే పెద్దరికం, ఓబన్నా."

"ముప్పై ఏళ్ళుగా దారాలు పట్టిన చేతులు స్వామీ. మీరు నిశ్చింతగా పోండి," అన్నాడు ఓబన్న, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడుతూ.

ఆడవాళ్ళు ముగ్గురూ నిచ్చెనెక్కారు. పడవలో నిలబడితే పట్టు కడుపు తలకు మూరెడు ఎత్తులో ఉంది, ఆకాశమంతా అదే అయినట్టు. చెంగల్వ వేళ్ళతో తాకి చెయ్యి వెనక్కు తీసుకుంది.

"వెచ్చగా ఉందవ్వా. బతికున్నదాన్ని ముట్టుకున్నట్టుంది."

సూరవ్వ మైనం పూసిన పట్టును అరచేత్తో నిమురుకుంటూ పడవ పొడవునా నడిచింది. ఇది కుందవరం వాళ్ళ నేత, పోగు పలచన. ఇది చిన్నయ్య మగ్గం, అంచు దగ్గర బిగువెక్కువ. ఇదిగో, ఇది మనది. ఇక్కడ ఆగింది. ఆగిన చోట రూపాయంత అతుకు ఒకటి కుట్టి ఉంది. ఆమె కళ్ళు చికిలించి దగ్గరగా చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని బొటనవేలితో చూసింది.

"పేరిందేవీ, ఇట్టా రా. ఈ కుట్టు మీద వేలు పెట్టు."

పేరిందేవి వేలు పెట్టింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"ఎడమ పురి, అత్తా."

అల్లికపాడులో చిరుగు కుట్టేవాళ్ళందరూ దారాన్ని కుడివైపుకు మెలి తిప్పుతారు. మాచన ఒక్కడిదే ఎడమచేతివాటం. చిన్నప్పుడు సూరవ్వ ఆ చేతి మీద కొలబద్దతో తట్టేది, అయినా పురి మారలేదు. పైగా కుట్టు చివర వేలెడు దారం వదిలి ఉంది. అది కూడా వాళ్ళ ఇంటి పద్ధతే. బాగుచేసిన గుడ్డను కొత్తదని నమ్మించకూడదు, గుడ్డ కట్టుకునేవాళ్ళకు కనబడేలా దారం కొస వదలాలి.

"వాడు ఇచ్చేటప్పుడు తాను మీద చిరుగులేదు," అంది సూరవ్వ నెమ్మదిగా. "నేనే చూసి మడత పెట్టాను. ఈ చిరుగు తర్వాతిది. కుట్టు ఇంకా తర్వాతిది. మైనం కూడా ఆరలేదు, చూడు. ముళ్ళేమో ఈవైపు లేవు, ఆవైపు పడ్డాయి."

"ఆవైపంటే?" అంది చెంగల్వ.

"లోపల కూచుని కుట్టాడే."

ముగ్గురూ తలలెత్తి ఆ పసుపు ఆకాశం వైపు చూశారు. లోపల మనిషిని చంపే ఆవిరి తప్ప ఏమీ లేదని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇక్కడ వాళ్ళ మగ్గం సంగతి కొంచెం చెప్పాలి. పువ్వుల పట్టు నేసే మగ్గానికి ఇద్దరు కావాలి. నేసేవాడు కింద గుంటలో కూర్చుంటాడు. పోగులు ఎత్తేవాడు పైన బల్ల మీద కూర్చుంటాడు. మగ్గం చప్పుడులో మాట వినబడదు కాబట్టి తాడుతో మాట్లాడుకుంటారు. ఒక్కసారి లాగితే ఎత్తు అని. రెండుసార్లు లాగితే ఉన్నాను, కానివ్వు అని. మూడుసార్లు లాగితే, ఏ చివర ఎవరున్నా సరే, ఏం పట్టుకుని ఉన్నా సరే, చేతిలోది వదిలేయాలి. ఆలోచిస్తూ కూర్చుంటే పోగులు తెగుతాయి. మాచన ఎనిమిదో ఏట ఆ బల్ల ఎక్కాడు.

సూరవ్వ వేలెడు దారం కొసను రెండు వేళ్ళతో పట్టుకుని రెండుసార్లు లాగింది.

ఏమీ కాలేదు. కింద ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు, ఎవరో తల్లి మందలిస్తోంది. చెంగల్వ ఏదో అనబోయింది. అంతలో దారం వాళ్ళ కళ్ళముందే బిగిసింది. ఒకసారి. ఇంకోసారి.

పేరిందేవి పమిట నోటికి అడ్డం పెట్టుకుని పడవ అంచు మీద కూలబడింది.

"ఏడవబాక. ఎవరైనా చూస్తారు," అంది సూరవ్వ. ఆమె వేళ్ళు మాత్రం ఆ దారాన్ని వదల్లేదు.

నిచ్చెన మీద అడుగుల చప్పుడైంది. సుబుద్ధి తాంబూలం నములుతూ పైకి వచ్చాడు.

"చూశారా అమ్మా మీ పనితనం? ఇదిగో, ఇటు చూడండి. మీవాడు పట్టుకున్న తల్లితాడు ఈ పడవ మధ్య కంతలోంచి పైకి పోయి, సొరకాయ కడుపులోకి దూరి, లోపలి నడికట్టు దూలానికి కొయ్యచీలతో బిగించి ఉంటుంది. బయలుదేరాక ఈ బరువు మనకెందుకు. లోపల చీల తీస్తే తాడు జారి కింద పడిపోతుంది."

"లోపల చీల తీసేదెవరు నాయనా?" అంది సూరవ్వ.

సుబుద్ధి నమలడం ఆపాడు. మళ్ళీ నమిలాడు.

"మంత్రం తీస్తుంది."

"మంత్రానికి చేతులు కూడా ఉంటాయన్నమాట. మంచిదే." ఆమె డబ్బా మూత తీసింది. "ఒక నువ్వుండ తిను. మా నేతను చూసుకునేవాళ్ళ నోరు తీపి చేయకుండా పోతే మగ్గం అలుగుతుంది."

"నోట్లో తాంబూలం ఉందమ్మా."

"ఉమ్మేయి. తాంబూలం మళ్ళీ వేసుకోవచ్చు, నా చేతి నువ్వుండ మళ్ళీ దొరకదు. బెల్లం మా తమ్ముడి తోటది. ఆ తోట సంగతి చెబుతాను విను. వాడికి ముగ్గురు కొడుకులు, పెద్దవాడు మెతక..."

తోట దగ్గర మొదలై, కొడుకులు, కోడళ్ళు, కోడళ్ళ పుట్టిళ్ళు, ఆ పుట్టింటివాళ్ళ గేదెల దాకా వచ్చేసరికి కింద వంతుకు నిలబడ్డవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. ఉండ తింటేనే కానీ ఈ ముసలమ్మ నోరు మూయదని సుబుద్ధికి అర్థమైంది. పక్కకు తిరిగి ఉమ్మేసి, కమండలం నీళ్ళతో పుక్కిలించి, ఉండ నోట్లో వేసుకున్నాడు. నువ్వుపప్పు పంటిలో ఇరుక్కుంది. నాలుకతో తీసుకున్నాడు.

ఆ నాలుక నీలిమందులో ముంచి తీసినట్టు నీలంగా ఉంది.

సూరవ్వ ముఖం మీది నవ్వు చెక్కుచెదరలేదు. ఆమె పుట్టిల్లు తామరపల్లి. అక్కడి పెద్దచెరువులో తామరదుంపలు తవ్వేవాళ్ళు నీలివేరు అనే వేరును దవడలో పెట్టుకుని మునిగేవారు. దాని రసం మింగుతున్నంతసేపూ ఊపిరి అక్కర్లేదు. కానీ నోరు తెరిచారా, వేరు పని ఆగిపోతుంది, మనిషి పోతాడు. ఆ వేరు నోట పెట్టినవాళ్ళ నాలుక ఏడాది దాకా నీలంగానే ఉంటుంది. ఆమె మేనమామ నాలుక చూసి పిల్లలు పారిపోయేవారు.

లోపల మాచన ఎలా బతికున్నాడో, ఎందుకు కేక వేయలేదో ఆమెకు తెలిసిపోయింది. ఎదురుగా ఉన్నదెవరో కూడా తెలిసింది. ఏ వేషమైనా వేయగలడు కానీ నాలుక రంగు మార్చుకోలేడని, నీలజిహ్వుడనే మాంత్రికుణ్ణి గురించి ఏడాదిగా ఊరూరా దండోరా వేస్తున్నారు. పరదేశి యోగి వేషంలో తాను అల్లిన సొరకాయకు చిరుగు పడితే లోపలినుంచి కుట్టే చెయ్యి వాడికి కావలసి వచ్చింది. ఎక్కడెక్కడి నేతగాళ్ళలోనూ మంచి చేతినే ఏరుకున్నాడు.

ఆమె కోడలి వైపు తిరిగింది. "మీ ఆయనకు కూడా రెండు ఉండలు ఇచ్చి రా పో. పొద్దుటినుంచి ఏమీ తినలేదు." అంటూనే కోడలి జడలో పువ్వు సర్దుతున్నట్టు వంగి చెవిలో చెప్పింది. "వీడే నీలజిహ్వుడు. నగారా మోగినా సరే తాడు వదలొద్దని చెప్పు. కావలివాళ్ళను పిలు."

పేరిందేవి ఉండలు కొంగున కట్టుకుని, తొందర కనబడకుండా ఒక్కో మెట్టే దిగింది. సూరవ్వ మళ్ళీ గేదెల దగ్గరికి వెళ్ళింది. సుబుద్ధి వింటున్నట్టు తల ఊపాడు. ఊపుతూనే అతని చూపు ఆమె చేతి మీద పడింది. చేతిలో ఉన్న దారం మీద పడింది. అక్కణ్ణుంచి కిందకు, మైదానం అడ్డంగా పరుగెడుతున్న పేరిందేవి మీద పడింది.

"అవ్వా," అంది చెంగల్వ, "తాతగారు నిచ్చెన మెట్లు మూడేసి చొప్పున దిగుతున్నారు."

కింద పేరిందేవి మొగుణ్ణి చేరుకుంది. "మాచన లోపల బతికే ఉన్నాడు. నువ్వు మాత్రం తాడు వదలబాక. ఏమైనా సరే వదలబాక."

సరిగ్గా అప్పుడే ఏటి మీదినుంచి ఒక విసురు గాలి వచ్చింది. గాలిసొర ఒక ఊపు ఊగింది. తల్లితాడు ఓబన్న అరచేతుల్లో ఒకసారి లాగింది. ఇంకోసారి లాగింది. మూడోసారి కూడా లాగింది.

ముప్పై ఏళ్ళు. గుంటలో కూర్చుని ముప్పై ఏళ్ళు, మూడు లాగులు రాగానే తెరుచుకున్న చేతులు అవి. భార్య మాట చెవిలో పడింది, తాడు మాట చేతిలో పడింది. చెవికంటే చెయ్యి ముందు. ఓబన్న రెండు చేతులూ వాటంతటవే విచ్చుకున్నాయి.

తల్లితాడు గుంజ చుట్టూ బుసకొడుతూ విడిపోయింది. మిగిలిన తాళ్ళు ముడి తర్వాత ముడి టపటపా జారిపోయాయి. జనం హాహాకారాలు చేస్తూ చెల్లాచెదురయ్యారు. నిచ్చెన కూలింది. గాలిసొర, సూరవ్వనూ చెంగల్వనూ పడవలో వేసుకుని, సంతనుంచి ఇంటికి బయలుదేరిన బండిలా నింపాదిగా పైకి లేచింది. ఓబన్న తన అరచేతులకేసి చూసుకుంటూ నిలబడిపోయాడు.

సుబుద్ధి మాత్రం నిలబడలేదు. లేడి దూకినట్టు దూకి, నేల విడిచి పోతున్న తల్లితాడు కొసను పట్టుకున్నాడు. గాలికి తెల్లగడ్డం ఊడి ఎగిరిపోయింది. తలపాగా ఊడింది. లోపలినుంచి నున్నటి గుండూ, కత్తిలాంటి ముక్కూ, కాటుక కళ్ళూ బయటపడ్డాయి. నీలజిహ్వుడు తాడు పట్టుకుని చేతి మీద చెయ్యి వేస్తూ పైకి పాకడం మొదలుపెట్టాడు.

కోట బురుజులు కిందికి పోయాయి. గుర్రపుశాల పైకప్పు చాపంత అయింది. చెంగల్వ పడవ అంచు మీదినుంచి తొంగి చూసింది.

"వాడు పైకొస్తున్నాడవ్వా."

"రానీ. నువ్వు నడుమ కూచో. నిలబడితే పడవ ఒరుగుతుంది."

చెంగల్వ కూర్చునే రకం కాదు. తెడ్డు ఒకటి పడి ఉంటే అందుకుని, తాడు వచ్చే కంత దగ్గర కాపు వేసింది. నీలజిహ్వుడు తలెత్తి ఆమెను చూసి, నాలుక బయట పెట్టి ఏదో గొణిగాడు. తల్లితాడు పీచు పీచుగా లేచింది. ఆ పీచులు పాముల్లా కదిలి, కాకరతీగలు పందిరి పట్టుకున్నట్టు చెంగల్వ మణికట్లు పట్టుకున్నాయి. తెడ్డు జారి కింద చెట్ల గుబురులోకి మాయమైంది. పిల్ల ఎంత గుంజుకుంటే అంత బిగిసింది తాడు.

"అవ్వా, నన్ను కిందకు లాగుతోంది."

మాంత్రికుడి గుండు కంతకు నాలుగు బారల దూరంలోకి వచ్చింది. మూడు బారలు. "ముసలిదానా," అన్నాడు రొప్పుతూ, "ఆ గేదెల కథ మిగిలింది చెప్పు, వింటాను."

"గేదెలు ఈనాయి నాయనా. అందరూ సుఖంగా ఉన్నారు," అంది సూరవ్వ.

అని, తలపైన కుట్టు దగ్గరికి చెయ్యి ఎత్తి, వేలెడు దారం కొస పట్టుకుని మూడుసార్లు లాగింది.

లోపల చీకట్లో, నడికట్టు మీద కూర్చున్న మాచనకు బయట ఏం జరుగుతోందో ఏం తెలుసు? నావ ఎందుకు లేచిందో తెలియదు, దారం లాగుతున్నదెవరో తెలియదు. మూడు లాగులు వచ్చాయి. అతను ఆలోచించలేదు. అక్కడ వదలవలసింది ఒక్కటే, కాలి పక్కన ఉన్న కొయ్యచీల. పట్టుకుని ఊడబెరికాడు.

తల్లితాడు పైకొస సర్రున జారి వచ్చింది. పట్టు వదులైన పీచులు చెంగల్వ చేతులనుంచి రాలిపోయాయి. తాడూ, తాడుతో మాంత్రికుడూ, నాలుగు మేడల ఎత్తునుంచి కింద ఏనుగులు స్నానం చేసే కొలనులో పడ్డారు. నీళ్ళు తాటిచెట్టంత లేచాయి. ఒక ఏనుగు తొండంతో తాడు కొసను ఎత్తి, తినేదేమోనని చూసి, మళ్ళీ పడేసింది.

చెంగల్వ మణికట్లు తుడుచుకుంది. తండ్రి వదిలినందుకు నావ పోయింది, అన్న వదిలినందుకు తను మిగిలింది. రెండూ ఒకే అలవాటు. ఇంటికెళ్ళాక నాన్నకు ఈ మాట చెప్పాలనుకుంది.

పైన బుస్సుమని చప్పుడైంది. తల్లితాడు పోయిన చోట, పట్టులో పిడికిలంత కన్నం పడి ఆవిరి బయటికి వచ్చి, తేలిక గనక కింది మనుషుల మీదికి దిగకుండా పట్టు వెంబడి పైకి పోతోంది. గాలిసొర ముక్కు ముందుకు వాలింది. ఆ కన్నంలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. చిటికెన వేలి పక్కన దారం కోసిన పాత గాటు ఉన్న ఎడమచెయ్యి.

చెంగల్వ ఎగిరి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అది ఆమె వేళ్ళను గట్టిగా నొక్కింది. తర్వాత విడిపించుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది.

"సూది అడుగుతున్నాడు. వాడిది విరిగినట్టుంది," అంది సూరవ్వ.

"కన్నం పెద్దది చేసి అన్నను బయటికి లాగేద్దాం అవ్వా."

"లాగితే ముగ్గురం ఏట్లో పడతాం. కిందికి చూడు ఎంత దూరముందో. ముందు కన్నం మూయాలి." ఆమె కొప్పులోంచి ఎముక సూది తీసింది. చీర కొంగునుంచి పట్టుపోగు ఒకటి లాగింది. పళ్ళు మూడే అయినా ఆ మూడూ ఎదురెదురుగా ఉన్నాయి, పోగు కొరకడానికి సరిపోయాయి. సూదికి ఎక్కించి, ఆ చేతిలో పెట్టింది.

చెయ్యి లోపలికి వెళ్ళింది. సూదిమొన బయటికి వచ్చింది. చెంగల్వ దాన్ని అందుకుని మళ్ళీ లోపలికి పంపింది. లోపలినుంచి అన్న, బయటినుంచి చెల్లెలు, ఒకే సూదితో ఇద్దరూ కుట్టారు. బుసకొట్టే చప్పుడు ఈలయింది, ఈల సన్నగిలింది, ఆఖరుకు ఆగిపోయింది. నావ ముక్కు సర్దుకుంది.

సూరవ్వ మొలలోని గుడ్డపేలికను ఉమ్మితో తడిపి కుట్టు మీద అద్దింది. ఆమె చూపు సూర్యుడి మీద ఉంది.

"చెంగల్వా, ఒక సంగతి చెబుతా, గాబరా పడబాక. నీలివేరు రసం ఒక్క పగలు మాత్రమే ఉంటుంది. పొద్దుగూకేసరికి వాడికి కొత్త వేరు కావాలి. ఆ వేర్ల సంచి మాంత్రికుడి మొలలోనే ఉండుంటుంది."

"వాడు కొలనులో ఉన్నాడు కదా."

"ఉన్నాడు." ఆమె వెనక్కి తిరిగి చూసింది.

దూరంగా, ఏనుగులు చెదిరిపోతున్న ఆ కొలను మీదినుంచి కొంగ ఒకటి లేచింది. మామూలు కొంగ కాదు. నీలంగా ఉంది, ముక్కు కత్తిలా ఉంది. రెండు చుట్లు తిరిగి, నావ వచ్చిన దారినే పట్టుకుంది.

గాలి పడమటికి వీస్తోంది. పొలాలు, ఏరు, మళ్ళీ పొలాలు. వాటికి ఆవల ఎక్కడో కనుచూపు మేరకు అందని చోట తామరపల్లి పెద్దచెరువు ఉంది. నీలివేరు పుట్టేది అక్కడే. సూరవ్వ యాభై ఐదేళ్ళ కిందట ఎడ్లబండి మీద ఆ ఊరు విడిచి వచ్చింది, దారిలో ప్రతి మలుపూ గుర్తుంది. ఆకాశంలో మలుపులుండవు, ఆ ఒక్కటే ఇబ్బంది.

"ఆ చుక్కాని తాడు పట్టుకోవే. ఎడమ చేతివైపు తిప్పు. చింతల తోపు కనబడితే చెప్పు," అంది.

చెంగల్వ చుక్కాని పట్టింది. సూరవ్వ నువ్వుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కొత్త కుట్టు కింద కూర్చుంది. కుట్టు చివర, కనబడేలా, వేలెడు దారం వేలాడుతోంది. ఆమె దాన్ని వేలికి చుట్టుకుంది.

దారం రెండుసార్లు లాగింది.